వైండింగ్‌కి ఇచ్చిన ఫ్యాన్

చోడవరం
జూన్ 10, మంగళవారం

అత్తా,

గడియ గురించి రాయడం మొదలెట్టేనో లేదో, అమ్మ లోపలికి వచ్చేసింది. పేజీ దాచేసి ఫిజిక్స్ రికార్డు రాస్తున్నట్టు నటించేను. ఇంటర్ అయిపోయాక రికార్డేంటని అమ్మకి అనుమానం రాలేదు.

సరే, గడియ. నా గది తలుపుకి లోపలివైపు ఉన్న గడియని నిన్న పొద్దున్న నాన్న స్క్రూడ్రైవర్‌తో ఊడదీసేసేడు. "తుప్పట్టిపోయిందమ్మా, కొత్తది వేయిద్దాం" అన్నాడు. అది తుప్పు పట్టలేదు. రోజూ వేసుకునేదాన్ని, నాకు తెలీదా? గడియ తీసిన కాసేపటికే స్టూలు వేసుకుని సీలింగ్ ఫ్యాన్ కూడా దింపేసేడు. వైండింగ్ కాలిపోయిందంట, రిపేరుకి ఇవ్వాలంట. ముందురోజు రాత్రంతా బాగానే తిరిగింది అత్తా. దాని బదులు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టేడు. అది మెడ తిప్పుకుంటూ నా వైపు ఒకసారి చూసి, ఇష్టం లేనట్టు మళ్ళీ అటు తిరిగిపోతోంది. ఉక్కతో చచ్చిపోతున్నాను.

మా ఇంట్లో తలుపు కొట్టే అలవాటు ఎవరికీ లేదని నీకు తెలుసు కదా. తోసుకుని వచ్చేస్తారు. ఇన్నాళ్ళూ గడియ ఉంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు తలుపు కిర్రుమంటే చాలు, వణుకు పుడుతోంది.

ఎందుకు వణుకు అంటావా? ఆదివారం నేనొక తప్పు పని చేసేను. నా ఫ్రెండ్ కీర్తికి తప్ప ఎవరికీ తెలీదు. నాన్నకి తెలిస్తే ఇంక నా ముఖం చూడడు. వెనక్కి తీసుకోవడానికి కూడా లేదు. గడియ తీసేసరికి తెలిసిపోయిందేమో అనుకున్నాను. కానీ ఏమీ అనలేదు. "టిఫిన్ తిన్నావా?" అన్నాడు. అంతే. అదింకా భయంగా ఉంది.

ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. నాకు ఫోన్ లేదు. అమ్మ ఫోన్‌లో నీతో మాట్లాడితే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. అందుకే ఈ దారి. ఈ కవర్లో నా పసుపు పచ్చ టాప్ ఉంది. రసూల్ గారి సర్వీసు ఆటోలో వాళ్ళావిడ, బట్టలు కుట్టే షాజాదీ బేగం గారికి పంపుతున్నాను, రెండు పక్కలా కొంచెం లూజు చెయ్యమని. ఆవిడ మీ వీధే కదా, లోపలున్న ఉత్తరం నీకు ఇస్తుంది. నీ జవాబు కూడా ఆ టాప్ మడతలోనే పెట్టించు.

ఇంగ్లీషులో రాస్తే లీవ్ లెటర్‌లా వస్తోంది. అందుకని తెలుగులో రాసేను. తప్పులుంటే నవ్వొద్దు.

నీ మేనకోడలు
రంజని

*

అనకాపల్లి
జూన్ 12, గురువారం

ఒసే రంజనీ,

ఎవరే ఆ గుంటడు?

కోప్పడను, చెప్పు. పదిహేడేళ్ళు నాకూ వచ్చేయి, పోయేయి. నీ ఉత్తరం మూడుసార్లు చదివేను. తప్పు పని అంటావు, కీర్తికి తప్ప ఎవరికీ తెలీదంటావు, వెనక్కి తీసుకోలేనంటావు, మీ నాన్న గడియ తీసేసేడంటావు. పిల్ల లోపల ఫోన్లో గుసగుసలాడుతోందని అనుమానం వస్తేనే కదా ఏ తండ్రైనా గడియ తీస్తాడు. కీర్తి ఫోన్‌లో మాట్లాడుతున్నావా? ఇంటర్ కాలేజీ వాడా? పేరు, ఊరు రాయి. ఇంతకి మించి ఏదైనా ఉంటే అది కూడా రాయి, నేను వచ్చేస్తాను. మీ నాన్నకి చెప్పను. ఇది నా మాట.

ఇంకో సంగతి. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి నీకు ఎంసెట్‌లో పదకొండు వేల ర్యాంకు వచ్చిందని అరగంట చెప్పింది. మరి ఈ భయంలో నాకు ఒక్క ముక్క రాయలేదేంటే? ఆ పేరు మార్చేరు, ఈఏపీసెట్ అనాలి అంటే, "ఏదో ఒక సెట్టులే వదినా, పదకొండు వేలు కదా" అంది. సంతోషం. ఈ నెలాఖరుకి మా పాలిటెక్నిక్‌లో నన్ను మళ్ళీ కౌన్సెలింగ్ హెల్ప్ డెస్క్‌లో కూర్చోబెడతారు. ఆ ర్యాంకుకి మంచి కాలేజీలే వస్తాయి. ఆ గుంటడి గొడవలో పడి దాన్ని పాడుచేసుకోకు.

ఇక్కడ రెండు రోజులుగా వాన. మీ మావయ్య పెరట్లో గొడుగు వేసుకుని బెండమొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. ఏమన్నా అంటే, "వాన లెక్క వానది, నా లెక్క నాది" అంటాడు.

షాజాదీ గారు టాప్ లూజు చేసేరు.

అత్త
ఫణిశ్రీ

*

చోడవరం
జూన్ 14, శనివారం

అత్తా,

గుంటడెవడూ లేడు! ఛీ! మా కాలేజీలో అబ్బాయిల సెక్షన్ వేరే బిల్డింగు. వాళ్ళ మొహాలు కూడా నాకు తెలీవు.

నిజం రాసేస్తున్నాను. చదివాక చింపెయ్.

నాకు పదకొండు వేలు రాలేదు. డెబ్బై నాలుగు వేలు వచ్చింది.

పదకొండు వేలు కీర్తిది. ఆదివారం కీర్తి వాళ్ళింట్లో తన ఫోన్‌లో చూసేం. ముందు నాది. నాకు చెవులు మూసుకుపోయేయి. తర్వాత తనది కొట్టింది. అది స్క్రీన్ మీద ఉండగానే మా అమ్మ అక్కడికి పరుగెత్తుకొచ్చి తన ఫోన్ నా చేతిలో పెట్టింది. నాన్న. రావికమతంలో వాళ్ళ హెడ్మాస్టారు గారింట పెళ్ళిలో, భోజనాల బంతిలో ఉన్నాడు. వెనకాల అందరూ. "ఏటమ్మా, ఎంతొచ్చింది? ఇక్కడ మాస్టార్లందరూ అడుగుతన్నారు, తొందరగా సెప్పు" అన్నాడు. ఎవరో, "లెక్కల మేష్టారి కూతురు, వెయ్యి లోపే ఉంటాదండి" అన్నారు. నవ్వులు. నేను కీర్తి ఫోన్ స్క్రీన్ చూసి చదివేసేను. అబద్ధం చెప్పాలని అనుకోలేదు అత్తా. కళ్ళ ముందు ఉన్నది చదివేను. "పదకొండు వేలు!" అని నాన్న బంతి మొత్తానికి అరిచి చెప్పేడు. తప్పయిందని చెప్పేలోపు ఫోన్ పెట్టేసేడు.

సాయంత్రం వచ్చేక చెప్పేద్దాం అనుకున్నాను. కానీ నాన్న ఇంటికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాడు. అమ్మ అప్పటికే వీధి మొత్తం చెప్పేసింది. మర్నాడు పొద్దున్నే గడియ, ఫ్యాన్.

ఇప్పుడు ఇంకో గొడవ. కీర్తి వాళ్ళమ్మ, "మా దానికి పదకొండు వేలు" అంటే మా అమ్మ, "మా దానికీ పదకొండు వేలే!" అంది. ఇద్దరికీ ఒకటే ర్యాంకేంటని వీధిలో మొదలైంది. ఎదురింటి అచ్చియ్యమ్మ గారు పాల ప్యాకెట్ పట్టుకుని గుమ్మంలోకే వచ్చి, "పక్కపక్కన కూకుని రాసేరేటే గుంటల్లారా?" అంది. కంప్యూటర్ పరీక్ష మామ్మగారూ, అంటే, "కంపూటర్లకి మాత్రం పక్కలుండవేటి?" అంది. కాపీ కొట్టింది కీర్తేనంట! కీర్తి ఏడుస్తూ వచ్చి, "నా ర్యాంకు నాకిచ్చెయ్యవే" అంది. నేనేం ఇవ్వగలను?

నాన్న ర్యాంక్ కార్డు అడగలేదు. సైటు ఓపెన్ అవట్లేదని ముందే చెప్పేను. "పర్లేదమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ప్రతిదానికీ తొందరపడే మనిషి. కౌన్సెలింగ్ డేట్లు వస్తే అన్నీ బయటపడిపోతాయి. పేపర్ వస్తే ముందు నేనే తీసి ఆ పేజీ ఉందేమో చూస్తున్నాను.

మొన్న ఏమీ చెప్పకుండా బస్‌స్టాండ్‌కి వెళ్ళి నర్సీపట్నం బస్సెక్కి కూర్చున్నాను. ఎక్కడికో నాకే తెలీదు. కండక్టర్ వచ్చేసరికి దిగిపోయేను. ఇంటికొచ్చేసరికి నాన్న వీధి చివర నిలబడి ఉన్నాడు. "షాపుకెళ్ళేను" అన్నాను. చేతిలో ఏమీ లేదు. నాన్న చూసేడు.

టాప్ ఇప్పుడు టైట్ చెయ్యమని పంపుతున్నాను.

రంజని

*

అనకాపల్లి
జూన్ 16, సోమవారం

నా బంగారు రంజనీ,

గుంటడి మాట వెనక్కి తీసుకున్నాను. క్షమించు.

ముందు ఇది విను. డెబ్బై నాలుగు వేలంటే ఏ తలుపూ మూసుకుపోలేదు. నా డెస్క్ ముందుకి లక్ష దాటినవాళ్ళు కూడా వస్తారు, సీటు తీసుకుని వెళతారు. పెద్ద కాలేజీలో కంప్యూటర్స్ రాదు, అది నిజం. సివిల్, మెకానికల్ లాంటివి మనకి దగ్గర్లో మంచి చోట్లే దొరకొచ్చు. పోయినేడు ఏ ర్యాంకు దగ్గర ఏ సీటు ఆగిందో చూసి, ఆశపడేవి కొన్ని, వస్తాయనుకునేవి కొన్ని, తప్పకుండా వచ్చేవి కొన్ని, ఈ వరసలో పెట్టుకోవాలి. అది నేను కూర్చుని నీతో చేయిస్తాను. ఆ పనికి భయం అక్కర్లేదు, ఓపిక కావాలి.

చిన్నప్పుడు మీ వీధి రోడ్డు వెడల్పు చేసినప్పుడు మూడుకాళ్ళ స్టాండు మీద కళ్ళద్దం పెట్టి చూసే ఇంజనీరు వెనకాలే తిరిగేదానివి, గుర్తుందా? అన్నానికి పిలిచినా వచ్చేదానివి కాదు. నీకేం కావాలో ఈ రెండేళ్ళలో నిన్నెవరైనా అడిగేరా? నేనూ అడగలేదు.

డెస్క్ దగ్గర ఏటేటా చూస్తాను. పిల్లని అడిగితే తండ్రి చెబుతాడు, తండ్రిని అడిగితే తల్లి చెబుతుంది. పిల్ల నేల చూస్తుంది. రోజంతా ఇంట్లో అదే మాట నలిగి నలిగి చివరికి మాట్లాడాల్సిన రోజున ఎవరికీ నోరు పెగలదు. అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటుంది. కాలేజీ మాట వారానికి ఒక్కసారే, ఆదివారం భోజనాలయ్యాక, ఒక్క గంట. మిగతా రోజుల్లో ఆ మాట ఎత్తినవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలి. ఆ గంటలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు.

మీ నాన్నకి ఫోన్ చేసి ఈ పద్ధతి పెట్టమంటాను. ర్యాంకు సంగతి ఎత్తను, అది నువ్వే చెప్పాలి. ఈ ఆదివారం ఆ గంటలో చెప్పెయ్. రెండో వాక్యం దాకా వెళితే చాలు, మూడోది దానంతటదే వస్తుంది.

బస్సు సంగతి చదివి నాకు అన్నం సహించలేదు. మళ్ళీ అలా ఎక్కాలనిపిస్తే అనకాపల్లి బస్సే ఎక్కు.

షాజాదీ గారు, "ఈ అమ్మాయి నాలుగు రోజులు లావవుతుంది, నాలుగు రోజులు సన్నబడుతుంది. డాక్టరుకి చూపించండమ్మా" అంటున్నారు.

అత్త

*

చోడవరం
జూన్ 23, సోమవారం

ఫణిశ్రీ అత్తకి,

నువ్వు నాన్నకి చెప్పేసేవు. నాకు అర్థమైపోయింది.

చెప్పనని రాసేవు. నేను నమ్మేను. నీతో ఫోన్ మాట్లాడేక నాన్న డాబా మీదికి వెళ్ళిపోయి చీకటి పడ్డాక దిగేడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు నుంచి హాల్లో, సరిగ్గా నా తలుపు ముందు చాప వేసుకుని పడుకుంటున్నాడు. "లోపల ఉక్కగా ఉందమ్మా" అంటాడు. తనకి తెలీకుండా నేను ఎక్కడికీ వెళ్ళకూడదని కాపలా. నేను మంచినీళ్ళకి లేస్తే లేచి కూర్చుంటాడు.

నీ గంట నిన్న జరిగింది. ఎలా జరిగిందో రాస్తాను, నీకు సంతోషంగా ఉంటుందేమో.

వారం మొత్తం అమ్మే గిన్నెలు తోమింది. ఎందుకంటే అమ్మ రోజూ ఆ మాటెత్తుతుంది. "ఇది మీ సెల్లెలు నా మీద పెట్టిన కుట్ర" అంది నాన్నతో. నాన్న నవ్వలేదు. ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురం చాప మీద కూర్చున్నాం. అమ్మ వైజాగ్‌లో పెద్ద కాలేజీ, హాస్టల్, కొత్త సూట్‌కేసు అంతా చెప్పేసింది. తర్వాత నాన్న వంతు. రెండేళ్ళుగా నాన్న నోట ఒకటే కాలేజీ పేరు అత్తా. అన్నం కలుపుతూ కూడా దాని పేరే. అలాంటి మనిషి ఏమన్నాడో తెలుసా?

"నాకు ఏ కాలేజీ అయినా పర్లేదమ్మా. అసలు ఈ ఏడు సేరకపోయినా పర్లేదు."

అమ్మ, "ఏటండీ ఆ మాటలు, శుభమా అని!" అంది. అడ్డు రాకూడదన్న నీ రూలు అక్కడే పోయింది, నాన్న మాట అక్కడితో ఆగిపోయింది. నా మీద ఆశ వదిలేసుకున్నాడు, అంతే కదా దానికి అర్థం? తిట్టినా బాగుండును. నా వంతు వచ్చింది. ఒక్క వాక్యం కూడా రాలేదు. రెండోదాని సంగతి వదిలెయ్.

ఇంకొకటి విను. ఇవాళ ఉక్క తట్టుకోలేక బంగార్రాజు గారి వైండింగ్ షాపుకి వెళ్ళి మా ఫ్యాన్ అయిందా అని అడిగేను. "మేష్టారి ఫ్యానా? నా కాడికి రానేదమ్మా. ఊళ్ళో వైండింగు సేసేది నేనొక్కణ్ణే" అన్నాడు. ఇంటికొచ్చి అంతా వెతికేను. అమ్మవాళ్ళ మంచం కింద, పాత దుప్పట్లో చుట్టి ఉంది. మోటారు వేరే, రెక్కలు వేరే. రెక్కలకి దుమ్ము కూడా తుడిచి పెట్టేడు.

బాగున్న ఫ్యాన్ దాచేసేడు అత్తా. ఉక్కలో పడి ఉండమని. అది శిక్ష. ఇంత చల్లగా, ఏమీ అనకుండా వేసే శిక్ష నేనెక్కడా వినలేదు. నాన్న ఇలాంటివాడని నాకు తెలీదు. భయమేస్తోంది. నాన్న అడుగుల చప్పుడు వింటేనే భయమేస్తోంది.

ఈసారి టాప్ ఏమీ చెయ్యక్కర్లేదని షాజాదీ బేగం గారికి చెప్పు. నువ్వు జవాబు రాయకపోయినా పర్లేదు.

శ్రీరంజని

*

అనకాపల్లి
జూన్ 26, గురువారం

రంజనీ,

పూర్తి పేరుతో సంతకం పెట్టేవు. సరే, నా మీద కోపం ఉంచుకో, ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

నేను చెప్పలేదు. మీ నాన్నే నాకు చెప్పేడు.

ఆదివారం గంట గురించి చెబుదామని ఫోన్ చేస్తే, నేను నోరు తెరిచేలోపే, "ఒసే ఫణీ, దానికి డెబ్బై నాలుగు వేలొచ్చిందే" అన్నాడు. ఆయన లెక్కల మేష్టారే పిచ్చిదానా! అప్లికేషన్ నింపింది ఆయన, నీ హాల్ టికెట్ నంబరు ఆయన ఫోన్‌లోనే ఉంది. పెళ్ళి భోజనం బంతిలోంచి లేచి చెయ్యి కడుక్కుని, పక్కకెళ్ళి చూసుకున్నాడట. కార్డు అందరికీ చూపించి మురుద్దామని. ఆ సాయంత్రం నీ తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడే, అప్పటికే తెలుసు. మీ అమ్మకి ఈ రోజుకీ చెప్పలేదు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇటు నీ గుట్టు, అటు ఆయన గుట్టు. పది రోజులుగా ఈ రెండింటి మధ్య నాకు నిద్ర లేదు. అందుకే ఇన్నాళ్ళూ నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ఆయన ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

ఫ్యాన్ శిక్ష కాదే.

పోయినేడు ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు మీ నాన్న వడ్డాది వెళ్ళేడు. ఆయన దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు అక్కడ ఉండేవాడు. మార్కులు తక్కువొచ్చేయని ఇంట్లో చెప్పుకోలేకపోయేడు. రాత్రి గది గడియ వేసుకున్నాడు. ఇంక నేను రాయను, నీకు అర్థమవుతుంది. అక్కణ్ణించి మీ నాన్న చోడవరం రాలేదు, నేరుగా ఇక్కడికి వచ్చేడు. మా అరుగు మీద చాలాసేపు కూర్చుని ఒక్క మాటే అన్నాడు. "వాడి మార్కులు మరీ అంత తక్కువేం కాదే ఫణీ." మీకెవరికీ చెప్పలేదు. చెబితే నువ్వు బెదిరిపోతావని.

ఇప్పుడు మొత్తం మళ్ళీ చదువుకో. గడియ ఎందుకు తీసేడో, ఫ్యాన్ ఎందుకు దింపేడో, నీ తలుపు ముందు ఎందుకు పడుకుంటున్నాడో, ఈ ఏడు చేరకపోయినా పర్లేదని ఎందుకన్నాడో. నువ్వు చేతిలో ఏమీ లేకుండా వీధిలోకి తిరిగొచ్చిన రోజు కీర్తి వాళ్ళింటికి, గుడికి, స్కూలు దాకా వెళ్ళి వెతికేడట. నువ్వు ఆయనకి భయపడుతున్నావు. ఆయన నీకు భయపడుతున్నాడు. నిజం తనకి తెలుసని నీకు తెలిస్తే నువ్వేం చేసుకుంటావో అని నోరు కట్టేసుకున్నాడు. ఇంతకన్నా తెలివితక్కువ మేష్టారు జిల్లాలో ఉండడు. చెబుదామంటే, "నువ్వు డెస్కులో కూర్చుంటావు, నీకు తెలీదు" అని నన్నే కసిరేడు.

ఇప్పుడు నేను నిన్ను సూటిగా అడుగుతున్నాను. నీకు అలాంటి ఆలోచన వచ్చిందా? వచ్చినా, ముందెప్పుడు వచ్చినా, దాచకు. మీ అమ్మ ఫోన్ తీసుకుని ఏ వేళైనా చెయ్యి. స్పీకర్ పెట్టుకోనీ. నేను బయల్దేరి వచ్చేస్తాను.

రాకపోతే, ఒక్కటి చెయ్యి. పెద్ద ఉపన్యాసం ఏమీ వద్దు. "నాన్నా, ఫ్యాన్ బిగించెయ్" అను. మిగతాది ఆయనకి తెలుసు.

కౌన్సెలింగ్ తారీఖులు ఇంకా రాలేదు. ఏ గడువూ దాటిపోలేదు.

ఫ్యాన్ లేని గదిలో నా మేనకోడలు ఉడికిపోతుంటే ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చోడానికి సిగ్గేసి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. దోమలు.

అత్త

*

చోడవరం
జూన్ 29, ఆదివారం

అత్తా,

ఆలోచన రాలేదు. నిజంగా రాలేదు. ఎక్కడికైనా పోవాలనిపించింది, బస్సు రాసేను కదా, అదొక్కటే. ఇంక అదీ లేదు.

నీ ఉత్తరం చదివి పైకి చూసేను. ఫ్యాన్ కొక్కెం ఒక్కటే వేలాడుతోంది. దాని చుట్టూ సున్నం మీద గుండ్రంగా నల్ల మరక. ఇన్నాళ్ళూ దాని కింద పడుకుని నాన్నని తిట్టుకున్నాను.

ఇవాళ చెప్పేసేను. గంట దాకా కూడా ఆగలేదు. అన్నాలు తింటున్నాం. నాన్న పెరుగు వేసుకుంటున్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నాన్నా, ఫ్యాన్ బిగించెయ్" అన్నాను. నాన్న చెయ్యి ఆగిపోయింది. మూడో వాక్యం దానంతటదే వస్తుందన్నావు, రాలేదు, నేనే లాగేను. "నేను బాగానే ఉన్నాను. నాది డెబ్బై నాలుగు వేలు. పదకొండు వేలు కీర్తిది. నీకు తెలుసని నాకు తెలుసు" అన్నాను. అంతా ఒక్క ఊపిరిలో.

నాన్న నన్ను చూసేడు. పెరుగన్నం అలాగే వదిలేసి లేచేడు. చెయ్యి కడుక్కుని, చొక్కా తగిలించుకుని, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయేడు.

అమ్మ గరిటె పట్టుకుని, "ఏటే? ఏటన్నావ్? డెబ్బై నాలుగేటి?" అంది. మళ్ళీ మొత్తం చెప్పేను. అమ్మ కింద కూలబడిపోయి ముందు ఏమందో తెలుసా? "కీర్తి వాళ్ళమ్మకి ఇప్పుడేటి సెప్పాలే?" అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత, "ఫ్యానుకీ దీనికీ సంబంధం ఏటి?" అని అడిగింది. వడ్డాది గురించి చెప్పేను. అమ్మ ఇంక ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. వేళ్ళకి పప్పు అంటుకుని ఉంది, ఇద్దరం కడుక్కోలేదు. చివరికి లేచి, "నేనే కీర్తి వాళ్ళింటికెళ్ళి సెప్పొస్తాను. ఆ పిల్లని పాపం కాపీ అంటన్నారు" అని చీర మార్చుకుని వెళ్ళింది. అచ్చియ్యమ్మ గారి గుమ్మం ముందు కూడా ఆగింది. కిటికీలోంచి చూసేను.

నాన్న వెళ్ళి చాలాసేపైంది. అత్తా, నేను తప్పు చేసేనా? కోపంతో వెళ్ళేడా? వర్షం పడేలా ఉంది. రావికమతం రోడ్డులో ఆ గోతులు. ఇన్నాళ్ళూ నేను ఎక్కడికి పోయేనో అని నాన్న ఇలాగే కదా నిలబడి ఉంటాడు, వీధి చివర? ఇప్పుడు ఆ వంతు నాది. బండి చప్పుడు వస్తే లేచి నిలబడుతున్నాను. మూడుసార్లు లేచేను. ఒకటి గ్యాస్ అబ్బాయిది. అందుకే నీకు రాస్తూ కూర్చున్నాను, చేతులు ఊరికే ఉండకుండా.

నువ్వు అడిగేవు కదా, నాకేం కావాలని. సివిల్ అత్తా. చిన్నప్పుడు ఆ ఇంజనీరు ఒకసారి నన్నెత్తుకుని ఆ కళ్ళద్దంలోంచి చూపించేడు. దూరంగా నిలబడ్డ మనిషి చేతిలో కర్ర మీది అంకెలు ఎంత దగ్గరగా కనపడ్డాయో! అమ్మ, "ఆడపిల్లకి ఎండలో పనేటి" అంటుంది. ఇప్పుడున్న ఉక్కకన్నా ఎండ నయం అంటాను. నాన్న ఏమంటాడో తెలీదు. ముందు నాన్న రానీ.

బండి. ఈసారి మనదే, సైలెన్సర్ చప్పుడు గుర్తుపట్టేను. గేటు తీసేడు. నేను లేవలేకపోతున్నాను. లోపలికి వచ్చేడు. అమ్మవాళ్ళ గదిలోకి వెళ్ళేడు. ఏదో ఇనప వస్తువు నేల మీద ఈడుస్తున్న చప్పుడు. అడుగులు నా తలుపు దగ్గర ఆగేయి.

అత్తా, తలుపు కొడుతున్నాడు.

తోస్తే తెరుచుకునే తలుపు. గడియ కూడా లేదు. రెండుసార్లు కొట్టేడు, మెల్లిగా, కొత్తగా చేసే పనిలా.

"రంజనీ, లోపలికి రావచ్చా అమ్మా? కొత్త గడియ తెచ్చేను. ముందు ఫ్యాన్ ఎక్కిద్దాం. స్టూలు గట్టిగా పట్టుకోడానికి ఒకరు కావాలి."

కాగితాలు తలగడ కిందకి తోసేస్తున్నా